గరుకు గాజు నేర్పిన పాఠం

దీపము క్రిందనే చీకటి అని తెలుగువారి సామెత. చిరాగ్ తలే అంధేరా అని ఉర్దూ మాట్లాడే మా ఇళ్ళలో పెద్దలంటారు. ఈ రెండు భాషలవారు ఏ కాలాన, ఏ నూనె దీపం దగ్గర కూర్చుని ఈ మాట అనుకున్నారో గాని భావం మాత్రం ఒక్కటే. చిన్ననాటి నుండి దీనిని వింటూనే ఉన్నాము. అయితే ఇందులో ఒక భౌతికశాస్త్ర పాఠమూ, ఒక నీతి పాఠమూ కలిసి ఉన్నవని మాకు తెలిసినది గత రంజాను మాసంలో, ఒక టార్చిలైటు మూలంగా. ఆ కథను చెప్పుకోవడం మాకు కొంత సిగ్గుతో కూడిన పనే. అయినా చెప్పకుండా ఉండటం అంతకన్న తప్పని తోచి ఈ సంచికలో కొంత చోటు కోరి తీసుకున్నాము.

మేము ముగ్గురము బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థులము. కళాశాల వసతి గృహంలో ఒకే గదిలో ఉంటాము. రంజాను నెలలో సహరీ వేళకు గది గదికీ వెళ్ళి తలుపు తట్టి తోటివారిని లేపడం, ఆ తరువాత వసతి గృహం వెనుక సందులోని నాలుగైదు ఇళ్ళవారిని కూడా పిలిచి రావడం ఆ ఏడు మా వంతు. ఆ సందుకు వీధి దీపాలు రెండే. వాటిలో ఒకటి వెలగదు. అందుచేత తలా కొంత వేసుకుని ఒక కొత్త ఎల్.ఇ.డి. టార్చి కొన్నాము. దాని గొప్పతనమంతా దూరంలో ఉన్నది. మీట నొక్కితే సన్నని తెల్లని కాంతిపుంజం బయలుదేరి సందు చివర మసీదు మినారు పైనున్న నెలవంకను తాకేది. దానికి బాణం అని పేరు పెట్టుకుని మురిసిపోయాము.

అయిదవ రోజా నాటి మాట. నెల మొదటి రోజులు కనుక చంద్రుడు అర్ధరాత్రికి ముందే అస్తమించాడు. తెల్లవారుజామున చిక్కని చీకటి. సందు మలుపులో ఒక ఇంటి మెట్లు దిగుతూ ఎవరో కనిపించారు. ఎవరా అని తెలుసుకొనే తొందరలో టార్చి ఎత్తి సూటిగా ముఖం మీద వేశాము. ఆయన చేయి అడ్డం పెట్టుకున్నారు, తడబడ్డారు, చివరి రెండు మెట్లూ తప్పి నేల మీద పడిపోయారు. పరుగున వెళ్ళి లేవనెత్తాము. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన. సందులో చిన్నా పెద్దా అందరూ ఆయనను చాచా అనే పిలుస్తారు. ఎడమ చేతి మణికట్టు అప్పటికే వాచిపోయింది. ఎముక చిట్లినదని మరునాడు తెలిసింది. ఈద్ నమాజుకు కూడా ఆయన ఆ చేతిని మెడకు కట్టిన గుడ్డలోనే ఉంచుకుని వచ్చారు. మాకు ఆ పండుగ ఎట్లు గడిచి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

"చాచా, మమ్మల్ని మాఫ్ చేయండి" అన్నాము ఆ తెల్లవారుజామున, మంచం మీద కూర్చోబెట్టి.

"సగం తప్పు మీది, సగం నా కంటిది బేటా" అన్నారాయన. "నాకు రెండు కళ్ళలోనూ మోతీబిందు ఉన్నది. మీ దీపం మీకు ఒక్కటే. నా కంటికి అది వెయ్యి ముక్కలై పరుచుకుంటుంది. ఇక మెట్టు ఎక్కడ కనిపిస్తుంది? దీపం దారి మీద వెయ్యాలి, మనిషి ముఖం మీద వేయకూడదు."

ఆ మాటలోని రెండు భాగాలూ మా వెంట పడినవి. దీపాన్ని దారి మీద వేయడం అలవాటుకు సంబంధించిన విషయం. అది ఆ రోజు నుండే నేర్చుకున్నాము. కాని ఒకే దీపం ఆయన కంటికి వెయ్యి ముక్కలు కావడమేమిటి? చీకట్లో ఎదురయ్యే మనిషిని బాధించకుండా దారి చూపగల వెలుగు ఎట్లుండాలి? ఈ ప్రశ్నలతో మా భౌతికశాస్త్ర అధ్యాపకుల వద్దకు వెళ్ళాము. ఆయన టార్చిని అటూ ఇటూ త్రిప్పి చూసి, "ముందరి గాజును గరుకు చేసి చూడండి. అయితే దాని వల్ల ఏమి పోతుందో, ఏమి వస్తుందో కొలిచి మరీ నాకు చెప్పాలి" అన్నారు.

టార్చి నిర్మాణం మనకందరికీ తెలిసినదే. వెనుక బ్యాటరీ, ముందు దీపం, దీపం చుట్టూ గిన్నె వంటి మెరిసే రిఫ్లెక్టరు, అన్నిటికీ ముందు ఒక బల్లపరుపు గాజు. వాడుకలో దీనిని లెన్సు అంటారు గాని చాలా టార్చిలలో అది కేవలం దుమ్ము, నీరు లోపలికి పోకుండా అడ్డుపడే మూత. రిఫ్లెక్టరు ఆకారం పరావలయం. దాని నాభి వద్ద దీపం ఉంటే, దాని మీద పడిన కిరణాలు పరావర్తనం చెంది ఇంచుమించు సమాంతరంగా ముందుకు పోతాయి. అందువల్లనే బాణం వంటి పుంజం ఏర్పడుతుంది. నున్నని గాజు గుండా ఈ కిరణాలు తమ దారి మార్చుకోకుండా వెలుపలికి వస్తాయి. గాజు ఎంత నిర్మలంగా ఉన్నా కొంత సుంకం తీసుకుంటుంది. ఒక్కొక్క ముఖం వద్ద సుమారు నూటికి 4 పాళ్ళ కాంతి వెనుకకు పరావర్తనం చెందుతుంది. ముఖాలు రెండు కనుక నూటికి 92 పాళ్ళు ముందుకు పోతాయి.

గాజు ముఖం గరుకైతే అక్కడ కోటానుకోట్ల చిన్న చిన్న వాలులు ఏర్పడతాయి. ఒక్కొక్క వాలు వద్ద కిరణం ఒక్కొక్క దిక్కుకు వక్రీభవనం చెందుతుంది. వరుసగా నడచిన సైనికులు సంత గుంపులో కలిసినట్లు, సమాంతరంగా వచ్చిన కిరణాలు వెలుపలికి రాగానే విప్పారిపోతాయి. ఇది సిద్ధాంతం. దీనిని చేతులతో చేసి చూడటంలో ఉన్న ఆనందం వేరు.

పాత టార్చి నుండి సరిపోయే గాజు ఒకటి సంపాదించాము. ఒక కిటికీ అద్దం ముక్క మీద కార్బోరండం పొడి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, దాని మీద ఈ గాజును బోర్లించి గుండ్రంగా నూరాము. నీళ్ళు తప్పనిసరి. లేనిచో గాజు పొడి గాలిలో లేచి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అరగంట గడిచేసరికి ఒక వైపంతా శీతాకాలపు ఉదయం కిటికీ వలె మసకబారినది. మొదటిసారి టార్చికి అమర్చి వెలిగించినప్పుడు మా ముగ్గురి ముఖాలూ చిన్నబోయాయి. బాణం మాయమైనది. మినారు చీకటిలోనే ఉండిపోయింది. కాని తల దించి చూస్తే మా కాళ్ళు, చెప్పులు, గోడ ప్రక్కన మురుగు కాలువ అంచు, మెట్టు మెట్టూ కనిపిస్తున్నవి. అంతవరకు మేము మినారునే చూశాము గాని మా పాదాల చుట్టూ ఉన్న చీకటిని చూడలేదు. ఆ రాత్రే మాకు ఆ సామెత జ్ఞాపకం వచ్చినది.

తరువాత కొలతలు. ప్రయోగశాలలోని లక్స్ మీటరును అధ్యాపకులు మాకు ఇప్పించారు. మొదట తెల్లని సున్నం వేసిన గదిలో తలుపులు మూసి, టార్చిని నిటారుగా నిలబెట్టి పైకప్పు మీదికి వెలిగించాము. వెలుగు పైకప్పును, గోడలను తాకి గది అంతటా పరుచుకున్న తరువాత బల్ల మీద దానిని కొలిచాము. మొత్తం కాంతి ఎంతో పోల్చి చూడటానికి ఇది సులభమైన ఉపాయం. నున్నని గాజుతో వచ్చిన దానిని 100 పాళ్ళు అనుకుంటే గరుకు గాజుతో 85 పాళ్ళ దరిదాపులో వచ్చింది. అంటే నష్టపోయినది ఆరింట ఒక వంతు కూడా కాదు. రెండవసారి టార్చిని గోడకు ఎదురుగా పెట్టి వెలుగు వలయం నడిమధ్య మీటరు ఉంచాము. అక్కడ మాత్రం కాంతి సుమారు పదహారవ వంతుకు పడిపోయింది. ఈ రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన వ్రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాము. దీపం మందగించిందని కంటికి తోచినది నిజం కాదు. వెలుగు చాలా వరకు అలాగే ఉన్నది, ఎక్కువ చోటికి పంచబడినది.

ఈ పంపకాన్ని ఒక లెక్కతో చూపవచ్చు. దీపం ఇచ్చే మొత్తం కాంతిని ల్యూమెన్లలోను, ఒక దిక్కుకు పోయే కాంతి తీవ్రతను కాండెలాలలోను, ఒక తలం మీద పడిన వెలుగును లక్స్‌లలోను కొలుస్తారు. కాండెలాలను దూరం యొక్క వర్గంతో భాగిస్తే లక్స్ వస్తుంది. ఇదే విలోమ వర్గ నియమం. టార్చి ఎంత దూరం పోతుందో చెప్పడానికి అమెరికాలో 2009లో ఒక ప్రమాణం ఏర్పరచారు. వెలుగు 0.25 లక్స్‌కు, అంటే ఇంచుమించు నిండు వెన్నెల అంతకు, తగ్గిపోయే దూరమే ఆ టార్చి దూరమని దాని నిర్ణయం. 10,000 కాండెలాల పుంజం ఈ లెక్కన 200 మీటర్లు పోతుంది. 5 డిగ్రీల వెడల్పున్న ఆ పుంజాన్ని గరుకు గాజు 20 డిగ్రీలకు విప్పిందనుకుందాము. వెడల్పు నాలుగింతలు, విస్తీర్ణం పదహారింతలు. కనుక, మధ్యలో పోయే నష్టాన్ని ప్రక్కన పెడితే, తీవ్రత 625 కాండెలాలకు దిగుతుంది. దూరం 50 మీటర్లు అవుతుంది. తీవ్రత పదహారవ వంతైనా దూరం నాలుగవ వంతుకే తగ్గినదని గమనించవలెను. ఇక 10 మీటర్ల వద్ద మొదటి పుంజం గోడ మీద ఒక మీటరుకు లోపు వలయాన్ని మాత్రమే చూపగా, రెండవది మూడున్నర మీటర్ల వలయాన్ని చూపుతుంది. సందులో నడిచేవానికి ఏది కావలెనో వేరే చెప్పాలా?

వెలుగు పరిమాణం ఒక సంగతి, దాని గుణం మరొక సంగతి. నున్నని గాజుతో గోడ మీద పడిన వెలుగును శ్రద్ధగా చూస్తే నడుమ మండిపోయే చుక్క, దాని చుట్టూ ఉంగరాలు, అక్కడక్కడ నీడ మచ్చలు కనిపిస్తాయి. పాత బల్బు టార్చిలలో తీగ రూపమే వంకరటింకరగా గోడ మీద పడేది. ఎల్.ఇ.డి.లలో కొన్నిటికి నడుమ నీలి ఛాయ, అంచున పసుపు ఛాయ ఉంటాయి. గరుకు గాజు ఈ తేడాలన్నిటినీ కలిపివేస్తుంది. పుస్తకం మీద వేస్తే పుట అంతటా ఒకే తీరున వెలుగు పడుతుంది. కరెంటు పోయిన రాత్రులలో మా గదిలో పరీక్షల చదువు ఈ వెలుగులోనే సాగినది.

గరుకుతనం వల్ల వెలుగు సమంగా పంచబడుతుందనే ఈ సత్యం కొత్తది కాదు. దాదాపు వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టి కైరోలో పని చేసిన ఇబ్న్ అల్-హైసమ్ తన కితాబ్ అల్-మనాజిర్ అనే ఏడు భాగాల గ్రంథంలో కాంతి నడకను ప్రయోగాలతో పరిశీలించాడు. 2015ను అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు ఆ గ్రంథానికి వెయ్యేళ్ళు నిండిన సందర్భాన్ని కూడా ప్రపంచం స్మరించుకున్నది. చంద్రుని వెలుగు మీద ఆయన వేరుగా ఒక గ్రంథమే వ్రాశాడు. చంద్రుడు అద్దం వలె సూర్యకాంతిని పరావర్తనం చేయడం లేదని అందులో వాదించాడు. 1632లో ప్రచురించిన తన సంవాద గ్రంథంలో గెలీలియో ఇదే విషయాన్ని గోడకు తగిలించిన అద్దంతో చూపించాడు. అద్దం ఒక్క చోటికే కళ్ళు చెదిరే వెలుగు పంపుతుంది. గరుకు గోడ గదిలో ఎక్కడ నిలబడినవారికైనా సమంగా కనిపిస్తుంది. చంద్రుడు నున్నని గోళమే అయి ఉంటే మనకు ఆకాశంలో ఒక మెరిసే చుక్క మాత్రమే కనిపించేది. నెలవంక కోసం మేడలెక్కే మనము ఆ చంద్రుని గరుకుతనానికి ఎంత ఋణపడి ఉన్నామో ఆలోచించవలసినదే.

అయితే గరుకు గాజు సర్వగుణ సంపన్నమని చెబితే మా అధ్యాపకులు ఒప్పుకోరు, మా అనుభవమూ ఒప్పుకోదు. దాని లోపాలు మాకు రెండు సార్లు తెలిసివచ్చాయి. మొదటిది వానకాలంలో. మేము తెలియక గరుకు ముఖాన్ని వెలుపలి వైపుకు అమర్చాము. జల్లు పడగానే ఉన్నట్లుండి బాణం మళ్ళీ ప్రత్యక్షమైనది. కారణం సులభమే. గాజు వక్రీభవన గుణకం సుమారు 1.5, నీటిది 1.33, గాలిది 1. గరుకు గుంటలలో గాలికి బదులు నీరు నిండితే గాజుకూ దానికీ తేడా తగ్గి కిరణాలు ఎక్కువగా వంగవు. గరుకు గాజు మీద నీటి చుక్క వేసినా, పారదర్శకమైన అంటుడు టేపు అంటించినా అక్కడ గాజు స్వచ్ఛంగా మారిపోతుంది. పాఠకులు ఇంటి వద్ద చేసి చూడవచ్చును. ఆ రోజే గాజును త్రిప్పి గరుకు ముఖాన్ని లోపలికి పెట్టుకున్నాము. చేతి జిడ్డు, దుమ్ము అంటకుండా ఉండటానికి కూడా అదే మంచిది. విద్యుత్ బల్బులను లోపలి వైపు గరుకు చేయడం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. ఆమ్లంతో లోపలి వైపు తినిపిస్తే బల్బు పెళుసై పగిలిపోయేది. 1925లో అమెరికాలో మార్విన్ పిప్కిన్ రెండవసారి బలహీనమైన ఆమ్లంతో కడిగి, ఆ గుంటల పదును పోగొట్టి, బల్బుకు గట్టితనం తెచ్చాడు.

రెండవ అనుభవం డిసెంబరులో. సేవా శిబిరానికి ఒక పల్లెకు వెళ్ళినప్పుడు రాత్రి చెరువు కట్ట మీదుగా రావలసి వచ్చినది. కట్ట మీద మంచు కమ్మి ఉన్నది. గరుకు గాజు వెలుగు చుట్టూ ఉన్న మంచు బిందువులన్నిటి మీదా పడి, వాటి నుండి చెదరి మా కళ్ళకే తిరిగి వచ్చి, ఎదుట తెల్లని పరదా కట్టినట్లయినది. కట్ట అంచు ఎక్కడో, నీరు ఎక్కడో తెలియలేదు. ఒకరి చేయి ఒకరము పట్టుకుని నిలబడిపోయాము. సంచిలో భద్రంగా దాచిన నున్నని గాజును తడుముకుని తీసి బిగించి, టార్చిని మోకాలి ఎత్తున పట్టుకుని, సన్నని వెలుగును నేల మీద వేసుకుంటూ మెల్లగా బయటపడ్డాము. దూరాన ఉన్నదానిని చూడవలసి వచ్చినప్పుడు, మంచులోను పొగలోను బాణమే కావలెను. అప్పటి నుండి రెండు గాజులూ మా వద్ద ఉంటున్నవి. ఒకదానిని పొగిడి మరొకదానిని పారవేయడం తెలివితక్కువ.

ఇక చాచా మాటలోని ఆ వెయ్యి ముక్కల సంగతి. మన కంటిలోని కటకం పుట్టుకతో నిర్మలమైన గాజు వంటిది. వయసుతో పాటు అందులోని ప్రోటీనులు ముద్దలు కట్టి అది మసకబారుతుంది. దానినే తెలుగులో శుక్లమనీ, మా ఇళ్ళలో మోతీబిందు అనీ అంటాము. అప్పుడు ఆ కటకమే ఒక గరుకు గాజు. వెలుపలి నుండి వచ్చిన తీవ్రమైన కిరణం దాని వద్ద చెదరి కంటి తెర అంతటా పరుచుకుంటుంది. ఎదుటనున్న మెట్టు ఆ తెల్లని పరదాలో మునిగిపోతుంది. చెరువు కట్ట మీద మంచు మాకు చేసినదే, మేము ఆయనకు మెట్ల మీద చేశాము. ఈ సంగతి గ్రహించిన రాత్రి మాలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. దీపం వద్ద ఉన్న గరుకుతనం ఎదుటివారికి దయ. అదే గరుకుతనం కంటిలో ఉంటే బాధ. కంటిలో గరుకు ఉన్నవారి కోసం మన దీపానికి ఆ గరుకు తెచ్చుకోవడం మన విధి.

కంటిలో కృత్రిమ కటకాన్ని అమర్చే శస్త్రచికిత్సను 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి చేశాడు. నేడు అది మన పట్టణాలలో నిత్యం జరుగుతున్నది. చాచాకు మొన్న ఒక కంటికి ఆ చికిత్స జరిగినది. కట్టు విప్పిన వారానికి మేము ముగ్గురము చూడబోయాము. గరుకు గాజు బిగించిన టార్చి ఆయన చేతిలో పెట్టి, అది మీ కోసమే చేశామన్నాము. ఆయన దానిని వెలిగించి గోడ మీద, నేల మీద, చివరకు తన పాదాల మీద వేసి చూసుకున్నారు.

"బాణం ఏమైంది బేటా?" అని అడిగారు.

"జేబులో ఉన్నది చాచా" అన్నాము. ఆయన నవ్వారు. ఆ నవ్వుతో మా భారం సగం దిగినది. మిగిలిన సగం దిగకపోవడమే మంచిదేమో.

కళాశాల కమిటీ పెద్దలకు మా వినయపూర్వకమైన మనవి ఒకటి గలదు. వసతి గృహం మెట్ల పైన ఉన్న ఎల్.ఇ.డి. దీపాలకు మూతలు లేవు. క్రింది నుండి ఎక్కేవారి కళ్ళలో అవి సూటిగా పడతాయి. వాటికి గరుకు గాజు మూతలు చేయించవలెనని కోరుతున్నాము. మమ్మల్ని చూడవచ్చే మా తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు ఆ మెట్లే ఎక్కి వస్తారు. గాజు ముక్కలు, కార్బోరండం పొడి ఇప్పిస్తే నూరే పని మేమే చేస్తాము.